మూడో డిస్కు చూడనివాళ్ళు

సినిమా బాకీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఏదో మాటల్లో 'నా ఆటోగ్రాఫ్' పేరెత్తాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. కొత్తవాళ్ళకి ఒక ముక్క: నాది కదిరి. బెంగళూరు మారతహళ్ళిలో చాన్నాళ్ళు తెలుగు వీసీడీలు (ఒక్కో సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది) అద్దెకిచ్చే షాపు నడిపాను. ఇప్పుడు షాపు లేదు, నోరు మాత్రం ఉంది. అందరికంటే ముందు, ఆ సినిమా ఊసే ఎత్తకుండా రాసిన ఒకబ్బాయికి జవాబు చెప్పి మిగతావాళ్ళ దగ్గరికొస్తాను.

ప్రశ్న: అంకుల్, నాకు 27 ఏళ్ళు. మాది కర్నూలు. వైట్‌ఫీల్డులో ఉద్యోగం, కేఆర్ పురంలో పీజీ. కాలేజీ నుంచి ప్రేమించిన అమ్మాయికి మొన్న మాఘమాసంలో వేరే పెళ్ళయిపోయింది. శనివారమైతే చాలు, రూమ్మేట్లు నాకోసమని ప్రేమలో దెబ్బతిన్న సినిమాలు పెడుతున్నారు. అన్నిట్లోనూ హీరో గడ్డం పెంచుతాడు, తాగుతాడు, బండి వేసుకుపోయి ఎవడినో కొడతాడు. నాకు సోమవారం పొద్దున స్టాండప్ మీటింగు ఉంటుంది. ఏడిపించినా ఫర్వాలేదు గానీ, లేపి నిలబెట్టే సినిమా ఒకటి చెప్పండి.

జవాబు: ఉంది నాయనా. పేరు చెప్తే 'ఓ, ఆ పాట సినిమానా' అంటావు. 'నా ఆటోగ్రాఫ్'. 2004 ఆగస్టులో వచ్చింది, రవితేజ హీరో. 'గుర్తుకొస్తున్నాయి' పాట విననివాణ్ణి తెలుగువాళ్ళలో నేనింతవరకు చూడలేదు. ఆ సినిమా కడదాకా చూసినవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఎట్ల తెలుసంటావా? నా షాపులో ఆ సినిమా సెట్టు మూడు డిస్కులు. తిరిగొచ్చిన ప్రతి డిస్కునీ ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూసి, మెత్తటి బనియన్ గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడిచి కవర్లో పెట్టేవాణ్ణి. (గుండ్రంగా తుడిస్తే గీతలు ఇంకా జాస్తి అవుతాయి. ఈ కాలం పిల్లలకి ఆ విద్యతో పని లేదులే.) ఆ సెట్టులో మొదటి డిస్కు నిండా గీతలు. రెండోది అంతకంటే అన్యాయం, ఒకచోటికొచ్చేసరికి బొమ్మ ముక్కలుముక్కలై నిలిచిపోయేది. మూడోది మాత్రం అప్పుడే సీలు విప్పినట్టు తళతళలాడేది. కుర్రాళ్ళు మొదటి డిస్కులో బడి రోజులు చూసుకుని మురిసిపోయి, రెండో డిస్కులో కేరళ అమ్మాయి దూరమయ్యేదాకా ఏడ్చి, అక్కడితో ఆపేసి, పొద్దున ఆఫీసు బస్సు ఎక్కేముందు నా కౌంటరు మీద పడేసి పోయేవాళ్ళు. 'మూడోది చూశావా అప్పా?' అంటే, 'ఇంకేముంది అంకుల్, అమ్మాయి వెళ్ళిపోయింది కదా!' అనేవాళ్ళు.

నువ్వడిగిన సినిమా ఆ మూడో డిస్కులో ఉంది.

కథ ఇదీ. శీను అనే మనిషి తన పెళ్ళి శుభలేఖలు పంచడానికి బయల్దేరతాడు. దారిపొడుగునా పాత రోజులు గుర్తు చేసుకుంటూ పోతాడు. ఊళ్ళో బడిలో చదివేటప్పుడు ఇష్టపడ్డ పిల్ల ఒకతి, మల్లిక వేసింది. ఆమె ఇప్పుడు తన సంసారంలో తానుంది. కేరళలో చదువుకునేటప్పుడు ప్రాణం పెట్టి ప్రేమించిన అమ్మాయి ఇంకొకతి, గోపిక వేసింది. ఇంట్లోవాళ్ళు ఆమెకి వేరే పెళ్ళి చేసేస్తారు. అక్కడ విరిగిపోతాడు. పని మీద ధ్యాస లేక, బతుకు మీద ఆశ లేక తిరుగుతున్నప్పుడు భూమిక వేసిన అమ్మాయి పరిచయమవుతుంది.

మామూలు సినిమా అయితే ఇక్కడ ఏం జరగాలో నీకూ తెలుసు, నాకూ తెలుసు. భూమికతో కొత్త ప్రేమ, ఫారిన్‌లో ఒక డ్యూయెట్టు, ఆమె మెళ్ళోనే తాళి. ఇందులో ఆ పని చెయ్యలేదు. భూమిక స్నేహితురాలిగా వచ్చింది, స్నేహితురాలిగానే ఉండిపోయింది. శీను పెళ్ళి చేసుకునేది పెద్దవాళ్ళు చూసిన అమ్మాయిని. అంటే, పోయిన ప్రేమ ఖాళీలో ఇంకో ప్రేమని తెచ్చి కూర్చోబెట్టడం అనే చవక వైద్యాన్ని ఈ సినిమా ముట్టుకోలేదు. మనిషి కోలుకున్నాడంటే ముందు పనిలో పడ్డాడు, నలుగురితో మాట్లాడాడు, తన కాళ్ళ మీద తాను నిలబడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడో పెళ్ళి. వరస అది. నీ రూమ్మేట్లు పెట్టే సినిమాల్లో ఈ వరసే తలకిందులుగా ఉంటుంది.

ఇంకొక సంగతి. భూమిక ఇంట్లో తల్లి మంచాన పడి ఉంటుంది, ఇంటి భారమంతా ఈ అమ్మాయి నెత్తినే. ఆ సంగతి శీనుకి ఆలస్యంగా తెలుస్తుంది. నన్నడిగితే సినిమా మొత్తం ఆ ఆలస్యం మీద నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ తన గోడు విని, తనని ముందుకి తోసిన మనిషి తనకంటే పెద్ద బరువు మోస్తోందని తెలిశాక ఇంక ఏ మొహం పెట్టుకుని 'నా బతుకింతే' అంటాడు? ఎవరూ అతనికి నీతులు చెప్పక్కర్లేకపోయింది.

'మౌనంగానే ఎదగమని' పాట కూడా ఈ భాగంలోదే, చిత్ర పాడింది. స్కూలు వార్షికోత్సవాల్లో, పర్సనాలిటీ క్లాసుల్లో వేసీవేసీ ఆ పాటని అరగదీశారు కాబట్టి నీకు విసుగు పుట్టి ఉండొచ్చు. ప్రేమ పోయి కూలబడ్డ ఒకడి ఎదురుగా ఆ పాట జరుగుతోందని మనసులో పెట్టుకుని ఒకసారి చూడు, అప్పుడు చెప్పు. కీరవాణి, చంద్రబోసు చేసిన పాట అది. 2023లో 'నాటు నాటు'కి ఆస్కారు తెచ్చుకున్నది ఈ ఇద్దరే. వాళ్ళ జోడీని లోకం ఇప్పుడు చూసింది, మా షాపు గోడకి వాళ్ళు ఇరవై ఏళ్ళ ముందే తెలుసు.

ఒక్క షరతు. రాత్రి పదిన్నరకి మొదలుపెట్టకు. కేరళ భాగం సరిగ్గా అర్ధరాత్రికి వస్తుంది, అక్కడ ఆపేసి ఏడుస్తూ పడుకుంటావు, మళ్ళీ అదే రెండో డిస్కు జబ్బు. ఆదివారం పొద్దున దర్శినిలో, అదే నిలబడి తినే హోటల్లో, రెండు ఇడ్లీ ఒక వడ తిని, కాఫీ తాగి వచ్చి కూర్చో. మధ్యాహ్నం భోజనం వేళకి సినిమా అయిపోతుంది, నువ్వు మెలకువగా ఉంటావు.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా టీములో చెన్నై అమ్మాయి తమిళ 'ఆటోగ్రాఫ్' ముందు ఇంకేదీ నిలవదంటుంది. మండ్య అబ్బాయి సుదీప్ తీసిన కన్నడ సినిమానే గొప్పదంటాడు. మధ్యలో నేనొక్కదాన్ని తెలుగు వైపు. లంచ్ బాక్సుల దగ్గర రోజూ పంచాయితీ. తీర్పు చెప్పండి. (ఒక పాఠకురాలు, బెళ్ళందూరు)

జవాబు: అమ్మా, ఈ ముగ్గురూ ఒక టేబులు దగ్గర కూర్చుని ఒకే కథ గురించి కొట్లాడుకోవడం బెంగళూరులో తప్ప ఎక్కడ జరుగుతుంది చెప్పు!

అసలు సొత్తు తమిళానిది. చేరన్ తనే రాసి, తనే తీసి, తనే డబ్బు పెట్టి, తనే నటించాడు. అది కూడా 2004లోనే వచ్చింది. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో జనరంజకమైన మంచి సినిమాగా గుర్తింపు దొరికింది. మన 'మౌనంగానే' చోట తమిళంలో ఉన్న పాటకి రాసిన పా. విజయ్‌కీ, పాడిన చిత్రకీ అవార్డులొచ్చాయి. బడి రోజులకి ఒకరు, కేరళకి ఒకరు అన్నట్టు ఒక్కో దశకి ఒక్కో కెమెరామన్ని పెట్టుకున్నాడు చేరన్. దానికితోడు ఆయన మొహంలో హీరో లేడు. టీ అంగడి దగ్గర పక్కన నిలబడ్డా గుర్తుపట్టలేని మొహం. ఈ కథకి కావలసింది అదే.

కన్నడ 'మై ఆటోగ్రాఫ్' 2006ది. సుదీప్ దర్శకుడిగా మొదటి సినిమా అది, హీరో కూడా తనే. మన భూమిక చేసిన పాత్ర అక్కడ మీనా చేసింది. 'ఈగ'లో విలన్‌గా మాత్రమే సుదీప్‌ని చూసినవాళ్ళు ఇది చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ 'అరళువ హూవుగళె' పాట మా వీధి గణేశుడి పందిట్లో ఎన్నిసార్లు మోగిందో నాకే తెలుసు.

తెలుగు దర్శకుడు ఎస్. గోపాల్‌రెడ్డి అసలు కెమెరా మనిషి. 'క్షణ క్షణం' ఆయన చేతి పనే. ఆ కన్ను ఉంది కాబట్టి తెలుగు సినిమా చూడ్డానికి హాయిగా ఉంటుంది. ఒక్కోసారి అవసరానికి మించి హాయిగా ఉంటుంది. తమిళంలో మట్టి చేతికంటుతుంది, తెలుగులో మట్టి కూడా అందంగానే కనిపిస్తుంది.

కథ చూడాలంటే తమిళం, పాటలు వినాలంటే తెలుగు. ఇది నా తీర్పు. మండ్య అబ్బాయి అలిగితే బైటూ కాఫీ (ఒక కాఫీ ఇద్దరికి పంచేది) ఇప్పించు, మెత్తబడతాడు.

ప్రశ్న: ఇంత బాగుంటే మరి తెలుగులో ఎందుకు ఆడలేదు సార్? (బీటీఎం లేఅవుట్)

జవాబు: రవితేజ వల్ల ఆడలేదు. ఆయన బాగా చెయ్యక కాదు, ఆయన రవితేజ కావడం వల్ల. 2002లో 'ఇడియట్', 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి', 2004 మొదట్లో 'వెంకీ'. ఆ ఊపులో ఈలలు జేబులో పెట్టుకుని వచ్చిన జనానికి తెరమీద ఒకడు సైకిలు తొక్కుకుంటూ జ్ఞాపకాలు చెప్తున్నాడు. ఇంటర్వెల్లో బయటికొచ్చి 'ఫైటేదిరా?' అనుకున్నారు. అప్పట్లో నా షాపులో 'వెంకీ'కి పేరు రాయించుకుని వారం ఆగేవాళ్ళు, ఇది ఎప్పుడడిగినా దొరికేది. ఇప్పటి కుర్రాళ్ళు ఆయన చేసినవాటిలో మంచివేవని లెక్క తీస్తే దీన్ని పైన పెడుతున్నారు. నిర్మాతకి అది ఏ మూలకొస్తుంది!

ప్రశ్న: సార్, మీరు ఆ సినిమాని మెచ్చుకుంటారని తెలిసే రాస్తున్నాను. నేను జయనగరలో లెక్చరర్ని, పుట్టింది అనంతపురం. మగవాడు తన పాత ప్రేమలన్నీ వరసగా చెప్పుకుంటే అది మధుర స్మృతి. పెళ్ళి కార్డు పట్టుకుని ఒక్కొక్క గడపా ఎక్కితే అది నిజాయితీ. ఇదే పని ఒక ఆడపిల్ల చేస్తే? నాలుగు ఊళ్ళు తిరిగి ముగ్గురు మగవాళ్ళకి శుభలేఖలిచ్చి, 'నేనొకప్పుడు మిమ్మల్ని ప్రేమించాను, పెళ్ళికి రండి' అంటే థియేటర్లో ఎవడైనా కూర్చుంటాడా? ఆ పెళ్ళికూతురి గురించి ఒక్క ముక్కైనా ఉందా ఆ సినిమాలో?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న మా ఇంట్లో ఎప్పుడో వచ్చింది. మా ఆవిడ సినిమా చూసి లేస్తూ అడిగింది: 'ముగ్గురూ వచ్చి అక్షింతలు వేశారు, బానే ఉంది. వాళ్ళెవరో ఆ పిల్లకి ఎవరన్నా చెప్పారా?' అప్పుడూ నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

మీరన్నది నిజం. నేనింకొకటి కలుపుతాను. కార్డు పట్టుకుని కేరళ వెళ్తే గోపిక పాత్ర భర్త పోయి తెల్లచీరలో కనిపిస్తుంది. ఆ చోట హాల్లో అందరూ ఏడుస్తారు. ఎవరికోసం? శీను కోసం. అయ్యో, వీడి మనసు మళ్ళీ విరిగిందే అని. భర్త పోయింది ఆమెకి! ఆమె రోజు ఎట్ల గడుస్తోంది, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు, మళ్ళీ చదువో ఉద్యోగమో ఏమైనా ఉందా, ఇదేదీ సినిమాకి పట్టలేదు. అతను చూసి బాధపడ్డానికి ఆమెని అక్కడ నిలబెట్టారు. తమిళంలోనూ అంతే, కన్నడంలోనూ అంతే.

అయినా ఈ సినిమాని నేను పారెయ్యను. భూమిక పాత్ర ఒక్కటీ శీను కథలో ఇమడకుండా పక్కకి నిలబడుతుంది. ఆమెకి తన పనుంది, తన తల్లి ఉంది, అతన్ని చేసుకోవలసిన అవసరం లేదు. అప్పటి తెలుగు సినిమాలో హీరోయిన్‌గా పేరు పడ్డ నటి హీరోతో పెళ్ళి లేకుండా, చావకుండా, త్యాగం పేరుతో కుమిలిపోకుండా సినిమా ముగించడం ఎన్నిసార్లు చూశారు? మీరు చెప్పిన తిరగేసిన కథ ఎవరైనా తీస్తే మొదటి ఆటకి మా ఆవిణ్ణి తీసుకుని నేనొస్తాను. మీరూ రండి, పక్క సీటు పడతాను.

ప్రశ్న: అన్నా, వచ్చే నెల నా పెళ్ళి, కదిరిలోనే. ఆ సినిమా చూసినప్పటినుంచి నా ఎక్స్‌కి కూడా కార్డు ఇవ్వాలనిపిస్తోంది. ఆమె ఇక్కడే హెబ్బాళ దగ్గర ఉంటుంది. వెళ్ళి చేతికిస్తే హుందాగా ఉంటుంది కదా? (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: ఎలక్ట్రానిక్ సిటీ నుంచి హెబ్బాళకా? సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటేలోపే నీకు జ్ఞానోదయమవుతుంది తమ్ముడూ.

శీను కాలం వేరు. చేతిలో ఇప్పటిలాంటి ఫోన్లు లేవు. వెతుక్కుంటూ ఊరు వెళ్తే తప్ప ఆ మనిషి ఎట్లుందో, అసలుందో లేదో తెలిసే దారి లేదు. అతను తెలుసుకోవడానికి వెళ్ళాడు. నీకు ఆమె నిన్న రాత్రి ఏ హోటల్లో ఏం తిన్నదో ఇన్‌స్టాగ్రాములో కనపడుతూనే ఉంది. కొత్తగా తెలుసుకునేదేమీ లేదు, చూపించుకునేదే ఉంది. 'చూడు, నాకూ పెళ్ళవుతోంది' అని. దాన్ని హుందాతనం అనరు.

అయినా ఇవ్వాలనే ఉంటే ముందు ఆ కార్డు మీద నీ పేరు పక్కన పేరున్న అమ్మాయిని అడుగు. ఆమె 'సరే, ఇద్దరం కలిసి వెళ్ళి ఇద్దాం' అంటే వెళ్ళండి. మొహం మాడిందా, ఆ మాట అక్కడితో వదిలెయ్యి. ఎట్లాగూ మా ఊళ్ళో పెళ్ళి కాబట్టి నాకు మాత్రం ఒక కార్డు పంపు. నన్ను పిలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: తాతగారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాది రామమూర్తి నగర్. కార్లో 'గుర్తుకొస్తున్నాయి' వస్తే చాలు, మా నాన్న వాల్యూమ్ పెంచి కిటికీలోంచి బయటికి చూస్తారు. అమ్మ నవ్వుకుంటుంది. నాన్నకి ఎవరు గుర్తొస్తున్నారో అడగొచ్చా?

జవాబు: కారు నడిపేటప్పుడు మాత్రం అడగకు తల్లీ, మన రింగు రోడ్డు సంగతి తెలుసుగా.

నాన్నకి ఎవరైనా గుర్తు రావచ్చు. ఊళ్ళో చెరువు గట్టు కావచ్చు, వేపచెట్టు కింద బడి కావచ్చు, లెక్కల మేష్టారి బెత్తం కావచ్చు. ఆ పాటలో ఉన్నది ఒక్క అమ్మాయి కాదు, ఊరంతా ఉంది. కేకే ఆ పాట పాడిన పద్ధతికి ప్రేమే లేనివాళ్ళకి కూడా ఎవరో ఒకరు గుర్తొస్తారు. 2022లో ఆయన పోయాడన్న వార్త వచ్చిన రాత్రి నేనూ అదే పాట పెట్టుకున్నాను.

నాకు కుతూహలంగా ఉన్నది మీ అమ్మ నవ్వు. ఆమెకి సంగతంతా తెలిసుండాలి, లేదా ఆమెకీ ఒక పాట ఉండాలి. ఆ పాటేదో అడిగి, ఈసారి ఊరెళ్ళేటప్పుడు అదీ పెట్టు. ఏ పాటో నాకు రాస్తే వచ్చే నెల దాని గురించి మాట్లాడుకుందాం.